మాంటిచెల్లో మల్బరీ రోలో ఉన్న ఆ సమాధి ఎవరిది? లెవీ కుటుంబం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

యాష్‌బర్న్_అనిత:
అందరికీ నమస్కారం. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే ఇక్కడి మన తెలుగువాళ్లం ముందు వాషింగ్టన్ చూపిస్తాం, తర్వాత షార్లట్స్‌విల్ వెళ్లి మాంటిచెల్లో చూపిస్తాం. థామస్ జెఫర్సన్ ఇల్లు. స్వాతంత్ర్య ప్రకటన రాసినాయన, మూడో అధ్యక్షుడు, అంతవరకు అందరికీ తెలుసు. ఇంటి పక్కగా కొంచెం దిగువన మల్బరీ రో అనే బాట ఉంటుంది. అక్కడ రేచల్ ఫిలిప్స్ లెవీ అనే యూదు మహిళ సమాధి ఉంది. ఆవిడ 1839లో పోయారు. జెఫర్సన్ 1826లోనే పోయాడు, ఆయన కుటుంబ శ్మశానం కొండ మీదే వేరే చోట ఉంది. మరి ఈవిడ ఎవరు, ఇక్కడ ఎందుకు ఉన్నారని మా మామగారు అడిగారు. ఆ ఇంటిని కొన్నాళ్లు ఒక యూదు కుటుంబం చూసుకుందని మాత్రం విన్నాను. మా అబ్బాయి స్కూల్లో వర్జీనియా చరిత్ర మీద రాయాలి, ఇదే రాస్తానంటున్నాడు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పరూ?

పాత_పుటలు:
అనిత గారూ, మంచి ప్రశ్న. "కొన్నాళ్లు" కాదండీ, 89 ఏళ్లు. 1834 నుంచి 1923 వరకు ఆ ఇల్లు లెవీలదే. జెఫర్సన్ ఆ కొండ మీద ఉన్న కాలం కంటే వీళ్ల కాలమే ఎక్కువ.

జెఫర్సన్ పోయేనాటికి లక్ష డాలర్లకు పైగా అప్పుంది. 1827 జనవరిలో ఇంటి ముందే వేలం వేశారు. ఫర్నిచరు, పశువులు, పనిముట్లతో పాటు 130 మంది బానిసలను కూడా అమ్మకానికి పెట్టారు. ఒక కుటుంబంలో తల్లి ఒకరికి, బిడ్డలు మరొకరికి. కూతురు మార్తా, మనవడు కలిసి ఖాళీ ఇంటిని నిలబెట్టుకోవాలని చూశారు గానీ వాళ్ల చేతిలో డబ్బు లేదు. 1831లో షార్లట్స్‌విల్‌లో మందుల దుకాణం నడిపే జేమ్స్ టర్నర్ బార్‌క్లేకి అమ్మేశారు. ఆయన పట్టుపురుగులు పెంచుదామని మల్బరీ మొక్కలు నాటించాడు. అది కలిసిరాలేదు. ఆయనకు ఇంటి మీద పెద్ద మమకారమూ లేదు.

అప్పుడు వచ్చాడు ఉరయా ఫిలిప్స్ లెవీ, అమెరికా నౌకాదళంలో లెఫ్టినెంట్. 1834లో ఇల్లు, 218 ఎకరాలు కలిపి 2,700 డాలర్లకు బేరం కుదుర్చుకున్నాడు. ఎకరాల లెక్క దగ్గర బార్‌క్లేతో గొడవ వచ్చి కోర్టుకెక్కారు. రిజిస్ట్రేషన్ 1836లో గానీ కాలేదు. మీరు చూసిన సమాధి ఉరయా తల్లిగారిది. కొడుకు కొన్న ఇంట్లో ఉంటూ అక్కడే కన్నుమూశారు.

బందరు_రేవు:
ఉరయా గురించి నేను రాస్తాను, నాకు నౌకల చరిత్రంటే ప్రాణం. 1792లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. పదేళ్లకే ఇంట్లోంచి పారిపోయి ఓడలో పనికి కుదిరాడు. పదమూడో ఏట యూదు సంప్రదాయంలో మగపిల్లలకు జరిగే బార్ మిట్జ్వా కోసం తిరిగి ఇంటికొచ్చాడు. 1812 యుద్ధంలో ఆర్గస్ అనే నౌకలో పనిచేస్తూ బ్రిటిష్ వాళ్లకు చిక్కి డార్ట్‌మూర్ జైల్లో 16 నెలలున్నాడు. నౌకాదళంలో మెట్టుమెట్టుగా పైకి రావడం ఆయనకు ఎంత కష్టమైందంటే, మొత్తం ఆరుసార్లు కోర్టు మార్షల్ (సైనిక విచారణ) ఎదుర్కొన్నాడు. కోపిష్టి మనిషే, ఒక ద్వంద్వ యుద్ధంలో ఎదుటివాణ్ణి చంపాడు కూడా. కానీ ఆ గొడవల్లో చాలావాటికి మూలం తోటి ఆఫీసర్లు ఆయన మతాన్ని ఎత్తి తిట్టడమే.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది కొరడా దెబ్బల విషయంలో. అప్పట్లో ఓడల్లో చిన్న తప్పుకి కూడా నావికుల వీపు చీరేసేవాళ్లు. వాండాలియా నౌకకు కమాండర్ అయినప్పుడు ఉరయా తన ఓడలో అది మాన్పించాడు. ఒక కుర్రాడికి కొరడాకి బదులు ఒంటికి కాస్త తారు పూసి ఈకలు అంటించే శిక్ష వేసినందుకు మళ్లీ కోర్టు మార్షల్! ఉద్యోగం తీసేశారు. అధ్యక్షుడు టైలర్ కలగజేసుకుని దాన్ని ఏడాది సస్పెన్షన్‌కి తగ్గించాడు. 1850లో కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, నౌకాదళంలో కొరడా శిక్షను రద్దు చేసింది. దాని వెనక ఉరయా రాతలు, పోరాటం ఉన్నాయి. 1855లో ఆయన్ని మళ్లీ పక్కన పెడితే, విచారణలో తన వాదన తానే గట్టిగా వినిపించుకుని తిరిగి పదవి సంపాదించాడు. చివరికి మధ్యధరా దళానికి కమోడోర్ అయ్యాడు. అన్నాపోలిస్ నేవల్ అకాడమీలో యూదుల ప్రార్థనాలయం ఇవాళ ఆయన పేరుతోనే ఉంది.

కర్నూలు_కిరణ్:
అంతా బాగుంది. కానీ ఒక నేవీ ఆఫీసరు కొండ మీద పాడుబడుతున్న ఇల్లు ఎందుకు కొన్నట్టు? అంత డబ్బు ఎక్కడిది?

పాత_పుటలు:
డబ్బు న్యూయార్క్ ఆస్తుల మీద వచ్చింది, కిరణ్ గారూ. జీతం తక్కువే గానీ ఇళ్లు కొని అద్దెలకిచ్చి బాగా సంపాదించాడు.

ఎందుకు కొన్నాడన్నదే అసలు విషయం. జెఫర్సన్ తన సమాధి మీద మూడే మూడు పనులు చెక్కమన్నాడు: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం, వర్జీనియా విశ్వవిద్యాలయం. అధ్యక్ష పదవి మాటే లేదు. ఆ రెండోది 1786లో చట్టమైంది. నువ్వు ఏ దేవుణ్ణి కొలిచినా, అసలు కొలవకపోయినా, నీ పౌరహక్కులకు దానితో సంబంధం లేదని అది తేల్చి చెప్పింది. ఇక ఉరయా ఇంటి చరిత్ర చూడండి. తల్లి వైపు పూర్వీకుడు డాక్టర్ శామ్యూల్ నూనెజ్ పోర్చుగల్‌లో మతవిచారణల నుంచి తప్పించుకుని 1733లో జార్జియాలోని సవానా చేరాడు. తాత జోనాస్ ఫిలిప్స్ 1787లో రాజ్యాంగ సభకు ఉత్తరం రాశాడు. పెన్సిల్వేనియాలో పదవి చేపట్టాలంటే కొత్త నిబంధన గ్రంథం కూడా దైవప్రేరితమని ప్రమాణం చెయ్యాలని ఉంది, యూదులు అలా ఎలా చేస్తారు అని అందులో అడిగాడు. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి జెఫర్సన్ అంటే ఏమిటో వేరే చెప్పాలా? ప్రభుత్వ పదవికి మతం అడ్డు కాని దేశాన్ని మలిచినవాళ్లలో జెఫర్సన్ ఒకడు అని ఉరయా స్వయంగా ఉత్తరంలో రాసుకున్నాడు.

ఇల్లు కొనకముందే పారిస్‌లో డేవిడ్ డాంజే అనే శిల్పితో జెఫర్సన్ కంచు విగ్రహం సొంత డబ్బుతో చేయించి 1834లో కాంగ్రెస్‌కి ఇచ్చాడు. వాషింగ్టన్‌లో కాపిటల్ లోపల పెద్ద గుమ్మటం కింద ఇవాళ మీరు చూసేది అదే.

మల్లెతీగ_ఫ్రిస్కో:
ఐదు సెంట్ల నాణెం తిప్పి చూడండి, మాంటిచెల్లో ఉంటుంది. 1938 నుంచి ఉన్న బొమ్మ. ఆ ఇల్లు అప్పుడే కూలిపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ ఆలోచించరు. ఇంత పని చేసిన కుటుంబం పేరు నేను ఇవాళే వింటున్నాను. బాధగా ఉంది.

తెనాలి_వకీలు:
ఇందులో నా వృత్తికి సంబంధించిన భాగం ఉంది కాబట్టి చెప్తాను. మన జిల్లా కోర్టుల్లో వచ్చే ఆస్తి తగాదాలకు ఏమాత్రం తీసిపోదు.

ఉరయా 1862లో న్యూయార్క్‌లో చనిపోయాడు. వీలునామాలో మాంటిచెల్లోని అమెరికా ప్రజలకు రాశాడు. నౌకాదళంలో చిన్న హోదాల్లో పనిచేసి చనిపోయినవాళ్ల అనాథ పిల్లల కోసం అక్కడ వ్యవసాయ పాఠశాల పెట్టాలన్నాడు. కేంద్రం వద్దంటే వర్జీనియా రాష్ట్రం, అదీ వద్దంటే న్యూయార్క్, ఫిలడెల్ఫియా, రిచ్‌మండ్‌లలోని పోర్చుగీసు యూదు సమాజాలు తీసుకోవాలన్నాడు. మనసు గొప్పదే, కానీ ముసాయిదా నిలవలేదు. భార్య, వారసులు కోర్టుకు వెళ్లారు. లబ్ధిదారులు ఎవరో స్పష్టంగా లేకుండా ట్రస్టు చెల్లదని న్యూయార్క్ అత్యున్నత కోర్టు 1865లో తేల్చింది. దాంతో ఆస్తి వారసులందరి ఉమ్మడి వాటా అయింది.

ఈలోపు అంతర్యుద్ధం. వర్జీనియా దక్షిణాది చేతిలో ఉంది, యజమాని ఉత్తరాది నేవీ ఆఫీసరు. శత్రువు ఆస్తి అని దక్షిణాది వాళ్ల కాన్ఫెడరేట్ ప్రభుత్వం జప్తు చేసి 1864లో బెంజమిన్ ఫిక్లిన్ అనే ఆయనకు వాళ్ల సొంత కరెన్సీలో 80,500 డాలర్లకు వేలం వేసింది. ఏడాది తిరక్కుండానే యుద్ధం ముగిసింది. ఆ నోట్లకూ విలువ పోయింది, ఆ అమ్మకానికీ విలువ పోయింది. ఆస్తి మళ్లీ లెవీలకు వచ్చింది. తర్వాత పంపకాల దావా ఏళ్ల తరబడి నడిచింది. దానికి ముగింపు 1879లో. ఉరయా తమ్ముడు జోనాస్ కొడుకు జెఫర్సన్ మన్రో లెవీ 10,050 డాలర్లకు వేలం పాడి, మిగతా వారసుల వాటాలన్నీ వదిలించి మొత్తం తన పేరు మీద చేసుకున్నాడు. అప్పటికి ముప్పై కూడా నిండని న్యూయార్క్ లాయరు. ఆ వేలంలో ఆయన చెయ్యి ఎత్తకపోతే ఇల్లు ఎవరి పాలయ్యేదో!

పాతమిద్దె:
నేను పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉంటాను. దావా నడిచిన ఆ సంవత్సరాల్లో ఇల్లు ఎలా ఉండేదో చెప్తాను, ఎందుకంటే కాపాడడం అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది.

యజమానులు కోర్టులో, ఇల్లు జోయెల్ వీలర్ అనే కాపలాదారు చేతిలో. నేలమాళిగలో పశువులను కట్టేశాడని, పార్లర్ అనే అతిథుల గదిలో ధాన్యం తూర్పారబట్టాడని అప్పట్లో చూసొచ్చినవాళ్లు రాశారు. ఆ గది నేల మామూలుది కాదు. చెర్రీ, బీచ్ చెక్కలు చిన్న చిన్న చదరాలుగా పేర్చి చేసిన పనితనం, అమెరికాలో ఆ తరహా నేలల్లో తొలినాటిది. కిటికీ అద్దాలు పగిలాయి, పైకప్పు కారింది. ఇక సందర్శకులు. జ్ఞాపకంగా ఉంటుందని చేతికి దొరికింది విరిచి పట్టుకుపోయేవాళ్లు. జెఫర్సన్ సమాధి రాయిని చెక్కి చెక్కి పాడుచేస్తే 1883లో కాంగ్రెస్ డబ్బుతో కొత్తది పెట్టాల్సొచ్చింది. పాతది మిస్సోరీ విశ్వవిద్యాలయానికి పోయింది.

ఇంటి శత్రువు నీళ్లు. జెఫర్సన్ తానే డిజైన్ చేసిన పైకప్పు ఆయన బతికుండగానే కారేది. గుమ్మటం ఉన్న అలాంటి ఇంటిని పది పదిహేనేళ్లు వదిలేస్తే దూలాలు కుళ్లి గోడలు విడతాయి. జెఫర్సన్ లెవీ వచ్చాక కొన్నేళ్లకు థామస్ రోడ్స్ అనే ఆయన్ని సూపరింటెండెంటుగా పెట్టాడు. కప్పు, కిటికీలు, మెట్లు, తోటలు, ఒక్కొక్కటీ బాగు చేయించాడు. చుట్టూ చేజారిన భూమి కొంత తిరిగి కొన్నాడు. ఏటా జేబులోంచి ఖర్చు పెడుతూనే వచ్చాడు. ఆయన పైన పెట్టించిన కిటికీలను, తెచ్చిన ఆడంబరమైన సామాన్లను తర్వాతివాళ్లు విమర్శించారు, వాటిని తీసేశారు కూడా. నిజమే, అవి జెఫర్సన్ కాలానివి కావు. కానీ గోడ కొట్టి గది పెంచలేదు, వరండా మూసెయ్యలేదు, ఇంటి ప్లాను మార్చలేదు. అప్పట్లో డబ్బున్న వాళ్లు పాత ఇంటిని కొంటే మొదట చేసేపని అదే. హాల్లో జెఫర్సన్ నాటి పెద్ద గడియారం ఇప్పటికీ ఉంది. దాని బరువులు దిగుతుంటే ఏ రోజో గోడ మీద చూపిస్తాయి, శనివారం గుర్తు మాత్రం కింద నేలమాళిగలో ఉంటుంది, బరువులు నేల కన్నంలోంచి అక్కడికి దిగుతాయి. అలాంటివి మార్చకుండా ఉంచడమే గొప్ప సంగతి.

నల్గొండ_నరేష్:
అందరూ లెవీలను ఆకాశానికెత్తుతున్నారు. ఒక మాట అడగాలి. ఉరయా కూడా మాంటిచెల్లోలో బానిసలను ఉంచుకున్నాడు కదా? కొరడా వద్దన్న మనిషి, మతస్వేచ్ఛ అంటే ప్రాణమిచ్చిన మనిషి, తన పొలంలో మనుషులను కొని పెట్టుకున్నాడు. ఇది రాయకుండా అనిత గారి అబ్బాయి వ్యాసం పూర్తి కాదు.

బందరు_రేవు:
నరేష్ గారూ, మీరన్నది నిజం, రాయాల్సిందే. ఉరయా బానిసలను ఉంచుకున్నాడు, 1864 వేలంలో ఇంటితో పాటు వాళ్లనూ అమ్మేశారు. నేను నావికుల గురించి అంత ఇష్టంగా రాశాను గానీ, ఆ కొండ మీద నల్లవాళ్ల వీపుల గురించి ఆయన చట్టసభకు రాసిన దాఖలా నాకెక్కడా కనిపించలేదు.

చరిత్ర_చెల్లి:
నరేష్ అన్నా, థాంక్స్. రేచల్ సమాధి ఉన్న మల్బరీ రోనే జెఫర్సన్ కాలంలో బానిసలు బతికిన, పనిచేసిన వీధి. కమ్మరి కొలిమి, మేకుల తయారీ, నేత పని, అన్నీ అక్కడే. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. ఆ గోడల ఇటుకలు కాల్చింది, చెక్క పని చేసింది వాళ్లు. జాన్ హెమింగ్స్ అనే వడ్రంగి పనితనం ఆ ఇంట్లో ఇప్పటికీ చూడొచ్చు. కాబట్టి "ఇల్లు ఎవరు నిలబెట్టారు" అంటే నా మటుకు జవాబు వాళ్ల దగ్గరే మొదలవుతుంది. తర్వాతి వరసలో లెవీలు. 1993 నుంచి మాంటిచెల్లో వాళ్లు ఆ బానిస కుటుంబాల వారసులను వెతికి వాళ్ల నోటి చరిత్రలు రికార్డు చేస్తున్నారు. లెవీల పేరు గుర్తు చేసుకోవడానికి వీళ్ల పేర్లు పక్కన పెట్టక్కర్లేదు. రెండు కథలూ ఒకే బాట మీద ఉన్నాయి, అక్షరాలా.

కర్నూలు_కిరణ్:
ఇంకో సందేహం. జెఫర్సన్ కుటుంబం దగ్గర్నుంచి లెవీ మోసం చేసి ఇల్లు కొట్టేశాడని ఒకచోట చదివాను. నిజమేనా?

పాత_పుటలు:
అబద్ధం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగా తిరిగిన కథ అది. జెఫర్సన్ వారసులకే ఇల్లు కొనిపెట్టాలని కొందరు డబ్బు పోగుచేస్తే, ఉరయా ముందే పరిగెత్తి కొనేశాడని ప్రచారం చేశారు. తేదీలు చూస్తే చాలు. కుటుంబం 1831లోనే బార్‌క్లేకి అమ్ముకుంది. ఉరయా కొన్నది బార్‌క్లే దగ్గర, మూడేళ్ల తర్వాత. ఆ కథలో ఉన్నది యూదులంటే ద్వేషం తప్ప చరిత్ర కాదు.

బార్‌క్లే గురించి ఇంకో మాట. ఆయన తర్వాత క్రైస్తవ మిషనరీగా జెరూసలేం వెళ్లాడు, యూదులను మతం మార్చడానికి. అక్కడి ఆలయ ప్రాంగణం గోడలో ఒక పాత ద్వారానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. మాంటిచెల్లో ఆయన చేతిలోంచి ఒక యూదు కుటుంబానికి వచ్చిందంటే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

తెనాలి_వకీలు:
ఆ ప్రచారం వెనక 1911 గొడవ ఉంది. అప్పటికి జెఫర్సన్ లెవీ న్యూయార్క్ నుంచి కాంగ్రెస్ సభ్యుడు. తోటి సభ్యుడి భార్య మాడ్ లిటిల్‌టన్ మాంటిచెల్లోకి అతిథిగా వెళ్లింది. ఎటు చూసినా లెవీల బొమ్మలే కనిపిస్తున్నాయి, జెఫర్సన్ జాడే లేదు అనుకుంది. ఇల్లు దేశానికి చెందాలని ఉద్యమం మొదలుపెట్టింది. లెవీ అమ్మనన్నాడు. అయితే ప్రభుత్వం బలవంతంగా తీసుకోవాలని ఆవిడ పట్టు. మన భాషలో భూసేకరణ. 1912లో విచారణలు జరిగాయి, ఆ డిసెంబర్లో ప్రతినిధుల సభ 141-101 ఓట్లతో తీర్మానాన్ని తోసిపుచ్చింది.

నా అభిప్రాయం చెప్పాలంటే, అలాంటి ఇల్లు ప్రజలది కావాలన్న కోరిక తప్పు కాదు. ఉరయా వీలునామాలో కోరుకున్నదీ అదేగా! కానీ ముప్పై ఏళ్లు సొంత డబ్బుతో నిలబెట్టినవాణ్ణి పరాయివాడిగా చూపించి లాక్కోవాలనుకోవడం న్యాయం కాదు.

చరిత్ర_చెల్లి:
వకీలు గారూ, లిటిల్‌టన్ లేకపోతే దేశం దృష్టి అటు పడేదా? ఆవిడ రాతల్లో చులకన ఉంది, ఒప్పుకుంటాను. అయినా ఒక ప్రైవేటు మనిషి దయ మీద ఆధారపడిన ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? లెవీకి తర్వాత డబ్బు ఇబ్బంది వచ్చింది కదా.

తెనాలి_వకీలు:
వచ్చిందమ్మా. 1914లో తనే 5 లక్షల డాలర్లకు ప్రభుత్వానికి ఇస్తానన్నాడు, అది ముందుకు సాగలేదు. నువ్వు అడిగినదానికి జవాబు అందులోనే ఉంది. ప్రైవేటు మనిషి దయ కుదరదన్నావు, సరే. ప్రభుత్వానికి రెండుసార్లు అవకాశం వచ్చింది, ఒకటి ఉరయా వీలునామాతో ఊరికే, ఒకటి డబ్బుకి. రెండుసార్లూ ఇల్లు దాని చేతికి రాలేదు. చివరికి 1923లో థామస్ జెఫర్సన్ మెమోరియల్ ఫౌండేషన్ అనే ప్రైవేటు సంస్థే 5 లక్షలకు కొన్నది. జెఫర్సన్ లెవీ 1924 మార్చిలో చనిపోయాడు.

యాష్‌బర్న్_అనిత:
ఇంత వివరంగా రాసిన అందరికీ చాలా థాంక్స్. మామగారికి చదివి వినిపించాను. "కొడుకు తల్లిని ఆ ఇంట్లో పెట్టుకుని చూసుకున్నాడన్నమాట" అన్నారు. ఇంకొక్కటి అడుగుతాను. 89 ఏళ్లు ఉన్న కుటుంబం కథ మనకు ఇన్నాళ్లూ ఎందుకు వినిపించలేదు?

పాతమిద్దె:
ఫౌండేషన్ వాళ్లు ఇంటిని జెఫర్సన్ నాటి రూపానికి తేవాలనుకున్నారు. అంటే లెవీల సామాను తీసేయాలి, వాళ్లు పెట్టిన కిటికీలు తీసేయాలి. కట్టడం వరకు ఆ నిర్ణయాన్ని నేను కాదనను. కానీ సామానుతో పాటు మనుషులనూ తీసేశారు. దశాబ్దాల పాటు, జెఫర్సన్ పోయాక ఇల్లు పాడుబడింది, ఫౌండేషన్ వచ్చి కాపాడింది అన్నట్టే చెప్పుకొచ్చారు. మధ్యలో రెండుసార్లు మరమ్మతు చేసి నిలబెట్టినవాళ్ల మాటే లేదు. 1985లో రేచల్ సమాధిని బాగుచేసి, ఉరయా, జెఫర్సన్ లెవీ చేసిన పనిని గుర్తిస్తూ అక్కడ ఫలకం పెట్టారు. ఇప్పుడు పరిస్థితి నయం, ఫౌండేషన్ వాళ్లే ఈ కథ చెప్తున్నారు, దీని మీద పరిశోధన చేయించారు.

అయినా ఇంటి లోపలి టూర్ టైము తక్కువ, గైడు జెఫర్సన్ దగ్గరే ఆగిపోవచ్చు. మీ అబ్బాయిని మొహమాటపడకుండా లెవీల గురించి గైడుని అడగమనండి. మల్బరీ రో టూర్ విడిగా ఉంటుంది, అది కూడా తీసుకోండి. ముందు అది చూసి తర్వాత ఇంట్లోకి వెళ్తే అబ్బాయికి బాగా అర్థమవుతుంది.

నల్గొండ_నరేష్:
అనిత గారూ, బానిసల శ్మశానం కూడా అదే ఆవరణలో ఉంది, టికెట్ కౌంటర్లున్న వైపు. కారు పార్క్ చేసి నేరుగా కొండెక్కేస్తే చూడకుండానే వచ్చేస్తారు. అబ్బాయికి అది కూడా చూపించండి.